హకీము సగమే ఇస్తాడు

ఆదోనిలో పరుపులు కుట్టే షరీఫా బీకి అత్తింట్లో మాట చెల్లే సమయం వారానికొకసారి వచ్చేది. శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్లు నమాజుకు వెళ్లగానే, పెద్ద తోడికోడలు ఫాతిమా బీ పడసాలలో చాప పరిచేది. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో కూలిపని చేసే పొరుగింటి హులిగమ్మ ఒడిలో పత్తిగింజలు పోసుకుని వచ్చేది. తక్కిన రోజుల్లో ఏ పరుపుకు ఏ గుడ్డ వేయాలో కూడా ఫాతిమా బీయే చెప్పాలి. ఆ చాప మీద ఆడే ఆటలో మాత్రం షరీఫా బీ చెప్పిందే జరిగేది.

ఆటను తెచ్చినవాడు ఆమె తమ్ముడు ఖాదర్ వలి. బెంగళూరులో చదువుకుంటున్న అతను, ఎనభై నాలుగులో వేసవి సెలవులకు వచ్చినప్పుడు హాస్టల్లో నేర్చిన ఈ వింత ఆట అక్కకు చెప్పి పోయాడు. ఒకరు కథ చెబుతారు. మిగిలినవారు అందులో మనుషులై, ఏం చేయాలో తామే నిర్ణయించుకుంటారు. గెలుపోటములను పాచికలు తేలుస్తాయి. షరీఫా బీ పాచికల స్థానంలో గవ్వలు పెట్టింది: వెల్లకిలా పడితే గెలుపు, బోర్లా పడితే దెబ్బ. ఒక్కొక్కరి ప్రాణానికి ఐదు పత్తిగింజలు. దెబ్బ తగిలితే గింజ పోతుంది, అన్నీ పోతే ఆ మనిషి కథ ముగుస్తుంది. పూర్వకాలంలో నందవరం నుంచి ఆదోనికి పత్తిబండ్లు తోలుకురావడం ఆమె అల్లిన కథ. దారిలో తోడేళ్లు, కనుమలో దొంగలు. ఫాతిమా బీ గుర్రపు రౌతు, హులిగమ్మ బండ్లకు కావలి.

మొదట తమ్ముడు చెప్పినట్టే ఆడించింది. ప్రతి మజిలీలోనూ ఒక హకీము ఉంటాడు, మందు వేసి, పోయిన గింజలన్నీ తిరిగి ఇస్తాడు. కొద్ది వారాలకే అందరికీ భయం పోయింది.

“తోడేలు మీదికి వస్తాంది హులిగమ్మా!”

“రానీలే! కరిస్తే కరవనీ. సందేళకు హకీము ఉండాడు గదా, కాలు సాపుకొని కూసుంటా.”

భయం పుట్టించాలని షరీఫా బీ ముగ్గురు దొంగలను పన్నెండు మందిని చేసింది. అప్పుడు గవ్వలు ఒక్కసారి తిరగబడగానే, నిండా ఐదు గింజలున్న హులిగమ్మ ఆటలో చచ్చిపోయింది. ఆమె చేసిన తప్పేమీ లేదు. దొంగలు తక్కువైతే ఆటలో పస లేదు, ఎక్కువైతే తెలివికి చోటు లేదు. దెబ్బలన్నీ సాయంత్రానికే మాసిపోయే చోట, చంపే దెబ్బకు తప్ప మరే దెబ్బకూ విలువ ఉండదు. లోపం దొంగల సంఖ్యలో కాక హకీము చేతిలో ఉన్నదేమోనని షరీఫా బీకి అనుమానం కలిగింది.

ఆ వారమే భర్త పీరా సాబ్ ఒక పాత పరుపు విప్పి దూది ఏకుతున్నాడు. అణిగిపోయిన దూది వింటి దెబ్బలకు పొంగుతోంది. ఎంత పొంగినా మునుపటి గలీబు సంచి నిండదు. కొంత దుమ్మై పోయింది. నిండాలంటే కొత్త దూది మరొకచోటి నుంచి తెచ్చి కలపవలసిందే. షరీఫా బీ కుట్టుపని ఆపి చాలాసేపు దానినే చూసింది.

తరువాతి శుక్రవారం కథ మొదటి నుంచి మొదలైంది, దొంగలు మళ్లీ ముగ్గురయ్యారు. హకీము దారి మొత్తంలో ఒక్కసారే కనిపిస్తాడు, పోయినవాటిలో సగమే ఇస్తాడు. ఇంకా కావాలంటే పక్కవారిని నోరు తెరిచి అడగాలి, వారు తమ గింజల్లోంచి ఇవ్వాలి.

హులిగమ్మ వెంటనే మారిపోయింది. తోడేళ్ల కోసం మంట వేసింది, వాగు దగ్గర ఆగి లోతు చూసింది. ఫాతిమా బీ మాత్రం ఎప్పటిలాగే కనిపించిన ప్రతిదాని మీదికీ గుర్రాన్ని ఉరికించింది. కనుమ దగ్గరికి వచ్చేసరికి హకీము సాయం అయిపోయింది, చేతిలో ఒక్క గింజ మిగిలింది.

“అడుగక్కా,” అన్నది షరీఫా బీ. “హులిగమ్మ కాడ నాలుగుండాయి.”

ఫాతిమా బీ ముఖం బిగుసుకుంది. “నా పడసాలలో కూసోని, నేను ఒక కూలిదాని ముందర సెయ్యి సాపాల్నా? హకీమును మల్ల పిలువు.”

“రాడు.”

“నువ్వు రమ్మంటే వస్తాడు. వాడు ఉండేది నీ నోట్లోనే గదా!”

హులిగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

“నా నోట్లో ఉండాడు గాబట్టే రాడు,” అన్నది షరీఫా బీ.

“ఈ ఇల్లు ఎవురిదనుకుంటివే?”

“ఇల్లు నీదేనక్కా. ఆట నాది.”

హకీము వచ్చాడన్న ఒక్క మాటతో ఇల్లు చల్లబడుతుంది. కానీ పెద్దకోడలి కోసం పరుగెత్తుకొచ్చే హకీము ఇక హకీము కాడు, ఆ ఇంటి జీతగాడు. శుక్రవారపు చాప కూడా తక్కిన రోజుల్లో కలిసిపోతుంది. ఆమె గవ్వలు కొంగులో మూటగట్టి, బయట దూది ఏకే చోట గోనెపట్ట పరుచుకుని కూర్చుంది. హులిగమ్మ వెంట వచ్చింది. ఫాతిమా బీ గడప లోపలే నిలబడింది. గింజ మాత్రం తిరిగి ఇవ్వలేదు.

షరీఫా బీ వీధి అంతా వినబడేలా కథ ఎత్తుకుంది. “బండ్లు కనుమలోకి వచ్చినాయి. రౌతు భయపడి యెనకనే నిలబడిపోయింది. దొంగలు...”

“ఎవురే భయపడింది?” ఫాతిమా బీ ఒక్క అంగలో గడప దాటింది.

“అడుగమ్మా, రెండిస్తా,” అన్నది హులిగమ్మ.

“నిన్ను అడిగితే నా పేరు ఫాతిమా గాదు. గవ్వలు ఇట్ల తే.”

విసిరింది. గవ్వలన్నీ బోర్లా పడ్డాయి.

దొంగ కత్తి రౌతుకు కాక గుర్రానికి తగిలిందని చెప్పవచ్చు, దొంగ కాలు జారిందని చెప్పవచ్చు. షరీఫా బీ ఏదీ చెప్పలేదు. చేయి చాపింది. ఫాతిమా బీ ఆ చేతిని కాసేపు చూసి, పిడికిలి విప్పి, చెమటకు తడిసిన గింజను అందులో పడేసింది.

“ముగ్గురంటే ముగ్గురు దొంగలు,” అన్నది కసిగా. “వాళ్ల సేతిలో సచ్చిపోతి, సూడు!”

“అడిగింటే బతికేదానివక్కా.”

“మల్ల శుక్రారం యాడ?”

“ఈడనే.”

“కుక్కలు తిరిగే సోటా? పడసాలకేమొచ్చింది?”

“పడసాలలో గూడా హకీము సగమే ఇస్తాడు.”

“ఇయ్యనీ. నాకు మాత్రం ఈతూరి గట్టి గింజలు ఏరి పెట్టు.”

“ఏరను,” అన్నది షరీఫా బీ గోనెపట్ట దులుపుతూ. “సేతికి వచ్చినవే ఇస్తా.”