నీళ్ల నడుమ వల్లకాటి గుట్ట

వాళ్లు దాన్ని ఐలాండ్ అంటారు. మా ఊరోళ్లకు అది వల్లకాటి గుట్ట.

గండికోట చూసేదానికి వచ్చినోళ్లు లోయ అంచున నిలబడి ఫోటోలు తీసుకుంటారు. తర్వాత కార్లెక్కి మా నీళ్ల కాడికి వస్తారు. పెన్నకు కట్ట వేసినాక నిలిచిన నీళ్లవి. వాటి కింద మా ఊరుండాది. ఇండ్లు, చావడి, బడి, చీనీ తోటలు, అన్నీ కిందనే. గుట్ట ఎత్తులో ఉండేది కాబట్టి మునగలేదు. చుట్టూ నీళ్లు తిరుక్కున్నాయి. వానలు పడినాక దాని మీద గడ్డి లేస్తుంది, ఎండ పడితే నీళ్లు నీలంగా మెరుస్తాయి. అప్పుడు చూస్తే బాగానే ఉంటుంది. కండ్లున్న మనిషిని, బాగలేదని ఎట్ల చెప్తాను?

ఊరు మునిగినాక మాకిచ్చిన కాలనీలో బట్టలు కుట్టే పిల్ల ఒకతె సెల్లులో ఆ గుట్ట ఫోటో చూపించింది.

"చూడవ్వా, మాల్దీవుల మాదిరి ఉందని రాసినారు."

"అవి యాడుండాయి?"

"సముద్రంలో. కొత్తగా పెండ్లయినోళ్లు పోతారంట."

"మన గుట్టకు సచ్చినోళ్లు పోతారని రాయమను."

ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా మొగుడు ఆ గుట్ట మీదనే ఉండాడు.

ఆ గుట్ట మీద లోతు తవ్వేదానికి లేదు. మోకాలి లోతు పోతే గడ్డపార బండకు తగిలి ఖంగుమంటుంది. అందుకే మా ఊర్లో మనిషిని పూడ్చినాక, నక్కలు తవ్వకుండా వచ్చినోళ్లంతా తలా ఒక రాయి తెచ్చి పైన వేసేవాళ్లు. ఎంత మంది వస్తే అంత పెద్ద కుప్ప. ఏటా పెద్దల అమావాస్యకు పోయి, జారిన రాళ్లు సర్ది, ఆకు వేసి, కూడు పెట్టుకుని వచ్చేవాళ్లము. సిమెంటుతో కట్టించేంత ఉన్నోళ్లు మాలో ఎవరూ లేరు. ఆ కుప్పే సమాధి.

మా ఆయన బండల గనిలో పనిచేసేవాడు. మా ఊరి మొగోళ్లు అందరూ అదే పని. అందుకని తలాపున ఒక నాపరాయి నిలబెట్టేది మా అలవాటు. ఆయనకూ నిలబెట్టినాము. దాని మీద ఏమీ రాయించలేదు. నాకు అక్షరం రాదు, రాయించాలని తోచనే లేదు. కుప్పల వరసలో మా మామ, మా అత్త, ఆ పక్కన ఆయన, తర్వాత పోయిన మా మరిది. కండ్లు మూసుకున్నా పోయి నిలబడేదాన్ని.

కాలనీకి వచ్చినాక చేసేదానికి పని లేదు. సేద్యం లేదు, మేకలు లేవు. సాయంత్రం పూట ఆడోళ్లకు చదువు చెప్తారంటే, ఊరికే కూర్చోలేక పోయినాను. చదువు చెప్పే ఆమె నా పేరు రాసి దిద్దమనింది.

"నా పేరు తర్వాత. ముందు మా ఆయన పేరు రాసియ్యమ్మా."

"ఏం పేరవ్వా?"

నేను చెప్పలేదు. మాలో ఆడది మొగుని పేరు నోటితో పలకదు. రేషన్ కార్డు కాడ అడిగినా, ఆసుపత్రిలో అడిగినా పక్కనోళ్లు చెప్పాల్సిందే. ఆ రోజు కూడా పక్కన కూర్చున్నామె చెప్పింది. చదువు చెప్పే ఆమె నవ్వి, "పలకవు గానీ రాస్తావా?" అని అడిగింది.

"పలకగూడదని చెప్పినారు. రాయగూడదని ఎవరూ చెప్పలే" అన్నాను.

దిద్దగా దిద్దగా వచ్చింది. గోడ మీద బొగ్గుతో రాసినాను, ముగ్గుపిండితో రాసినాను, తుడిచేసినాను. రాసిన ప్రతిసారీ ఆయన్ను పిలిచినట్టే ఉండేది. అప్పుడు పుట్టింది నాకు ఆ ఆశ. ఆయన తలాపు రాయి మీద ఆయన పేరు నా చేత్తో రాయాలని. నీళ్లు వచ్చినాక నేను గుట్టకు పోయింది లేదు. బోటంటే భయం, మోకాళ్లు కూడా సహకరించవు. కొన్నేండ్లు ఒడ్డున నిలబడి, గుట్ట దిక్కు చూసి ఆకు వేసేదాన్ని. పోయిన పెద్దల అమావాస్యకు మాత్రం ఎర్ర రంగు డబ్బా ఒకటి, చిన్న కుంచె ఒకటి కొని సంచిలో పెట్టుకుని బయలుదేరినాను.

బోటు నడిపేది మా మరిది కొడుకే. ముందు చేపలు పట్టేవాడు, ఇప్పుడు చూసేదానికి వచ్చినోళ్లను తిప్పుతాండాడు. నన్ను చూసి వాని మొహం ఎందుకో చిన్నబోయింది.

"నువ్వెందుకు పెద్దమ్మా ఎండలో? ఇయ్యి, నేను పెట్టొస్తా."

"మొగుడు నాకా నీకా?" అన్నాను. చెయ్యి పట్టి ఎక్కించినాడు.

బోటులో హైదరాబాదు నుంచి వచ్చిన ఆలుమొగుళ్లు ఇద్దరు ఉన్నారు, చిన్న వయసు. ఆ అమ్మాయి నా సంచి చూసి పలకరించింది.

"మీరు కూడా మొక్కుకోడానికేనా అమ్మా?"

"దేనికి మొక్కు?"

"ఇల్లు కోసం. అక్కడ రాళ్లు పేరిస్తే సొంత ఇల్లు వస్తుందంట కదా. మేం పెళ్లయినప్పటి నుంచీ అద్దె ఇంట్లోనే ఉన్నాం. ఆయనకు నమ్మకం లేదు, నేనే లాక్కొచ్చాను."

మరిది కొడుకు నా దిక్కు చూడలేదు. ఇంజను దిక్కు చూస్తాండాడు.

కొండ దేవుని దోవలో రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఇల్లు కావాలని మొక్కుకునేది మనకు కొత్త కాదు. అహోబిలం పోయినప్పుడు నేనూ పేర్చినాను, మా ఆయన అడుగున పెద్ద రాయి ఆనిస్తే. ఆ ఇల్లు కట్టుకున్నాము కూడా. ఇప్పుడు మా బోటు దాని మీదనే పోతా ఉండాలి.

గుట్ట ఎక్కి చూస్తే కుప్పలు లేవు. ఒక్కటి కూడా లేదు. వాటి తావులో రాళ్ల బొమ్మరిండ్లు. ఐదు రాళ్లవి, ఏడు రాళ్లవి, కొన్ని నా నడుమెత్తువి. గుట్ట నిండా, నీళ్ల అంచు దాకా. పేర్చేదానికి పలకగా ఉండే రాయి కావాల కదా, తలాపు రాళ్లన్నీ పెరికి అడుగున వేసినారు. నేను మా వరస కోసం పైకీ కిందికీ తిరిగినాను. నీళ్లు సగం వాలు తినేసినాయి, గుర్తుకు పెట్టుకున్న తుమ్మచెట్టు లేదు. నాపరాళ్లను ఒక్కొక్కటే తడిమి చూసినాను. అన్నీ ఒకే గనివి, ఒకే నలుపు, ఒకే మందం. ఏది ఆయనదో తెలీలే.

మరిది కొడుకు వెనకాలే వచ్చినాడు.

"ఏమిరా ఇది?"

"నేను చెప్పలేదు పెద్దమ్మా. ఎవరో ఇద్దరు పేర్చినారు. వాళ్లను చూసి ఇంకొకరు. మొక్కు అని వాళ్లే పేరు పెట్టినారు."

"నువ్వు కాదనలేదా?"

"వల్లకాడంటే బోటెవరు ఎక్కుతారు?"

"మీ నాయన యాడుండాడు, చూపించు."

చూపించేదానికి చెయ్యెత్తినాడు. అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు. ఆ చెయ్యి మెల్లగా దిగిపోయింది.

"నాకూ తెలీదు పెద్దమ్మా" అన్నాడు.

ఆ హైదరాబాదు అమ్మాయి మా మాటలు వినింది. అప్పటికే రెండు రాళ్లు పెట్టింది, మూడోది చేతిలో ఉండాది.

"అమ్మా, ఇవి సమాధులా?"

"అవును."

"మరి ఈ రాయి?"

"ఎవరి మీదిదో."

కింద పెట్టాలో పట్టుకోవాలో తెలీక, ఆ రాయిని బిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. వాళ్ల ఆయన చెప్పులు విప్పినాడు.

"మాకు తెలియదండీ."

"తెలిస్తే ఎందుకు చేస్తావప్పా. నిన్నేమీ అనడంలే."

"అన్నీ తీసి ఎక్కడివి అక్కడ పెట్టేస్తాం. మీరు చూపించండి" అని ఆ అమ్మాయి అడిగింది. కండ్లలో నీళ్లు తిరుగుతాండాయి.

"నాకు తెలిస్తే కదా పాపా, చూపించేది."

పెట్టినోళ్లు అందరూ చెయ్యెత్తి మొక్కి పెట్టినారు. ఈ పిల్ల మాదిరే మంచోళ్లు అయి ఉంటారు. ఎవరి మీద కోపం పడాలో నాకు తెలీలే. ఒక నాపరాయి పక్కన కూలబడినాను. సంచిలో రంగు డబ్బా చేతికి తగిలింది. ఇదే ఆయనదనుకుని రాసేద్దామా అని ఒక గడియ అనిపించింది. వేరే మనిషి తలాపు రాయి మీద ఆయన పేరు రాస్తే, ఆ మనిషి యాడికి పోవాల? మూత తీయలేదు.

తెచ్చింది తెచ్చినట్టే తిరిగి తీసుకుపోయేదానికి లేదు. ఆకు వేసి సంగటి ముద్ద, నంజుకునేదానికి ఊరిబిండి, ఉద్ది వడలు, పాయసం పెట్టినాను. ఊరిబిండి ఆయనకు ప్రాణం. పెట్టినాక మగమనిషి పిలవాలి. మాకు పిల్లలు లేరు, ముందంతా మరిది పిలిచేవాడు. ఇప్పుడు వాడూ ఈ రాళ్లలోనే ఎక్కడో ఉండాడు. మరిది కొడుకు టవలు నడుముకు కట్టుకుని వచ్చి, నీళ్లు తిప్పి పిలిచినాడు.

"పెదనాయనా, రా. వచ్చి తినిపో."

కుప్పలు ఉన్నప్పుడు ఆ పిలుపు చాలేది. ఎవరి తలాపున పెడితే వాళ్లకే. ఇప్పుడు ఆ గుట్ట మీద వానికి ఎంత మంది పెదనాయనలు! వరస కలవని ఇల్లు మా ఊర్లో లేదు. అందరూ ఆకలితోనే ఉంటారు, పెట్టేవాళ్లు ఎవరు వస్తాండారు గనక. ఆయన ముందే తోసుకుని వచ్చే మనిషి కాదు. పెండ్లిలో కూడా కడపటి పంక్తిలో కూర్చునేవాడు.

అప్పుడు నేను ఆయన పేరు పలికినాను.

ఇన్నేండ్ల సంసారంలో, ఆయన పోయినాక కూడా, నా నోట రాని పేరు. మొదటిసారి గాలి మాదిరి వచ్చింది, నాకే వినపడలేదు. మరిది కొడుకు నా పెదాలు చూసినాడు, తల వంచుకున్నాడు. రెండోసారి గట్టిగా పిలిచినాను. నీళ్ల మీద యాడికో పోయింది గొంతు.

ముందయితే కాకి కోసం శానాసేపు కాచుకునేవాళ్లము, అది వచ్చి ముట్టుకుంటే మనసు నిమ్మళంగా ఉండేది. ఇప్పుడు గుట్ట మీద కాకులకు కొదవ లేదు. వచ్చినోళ్లు పారేసే చిప్సు పొట్లాలకు మరిగినాయి, పిలవకపోయినా వస్తాయి. ఒకటి వచ్చి ఊరిబిండిలో ముక్కు పెట్టింది. అది ఆయన వచ్చినట్టో, ఉత్త కాకి వచ్చినట్టో తెలీలే. ఇంకొకసారి పిలిచినాను.