బుర్మాకాన్ రాసిన నూట నలభై పేజీలు

మా టీమ్ లీడ్ తాలాయ్ కొండల్లోని నరిన్ ఊరి నుంచి బస్సెక్కి రాజధాని బిష్కెక్ వచ్చి, ఇంటర్నెట్ క్లబ్బులో పాత కంప్యూటర్లు బాగుచేస్తూ బతుకు మొదలుపెట్టినవాడు. అతనికి కోడు రాయడం నేర్పింది బుర్మాకాన్ ఎజె. ఎజె అంటే మాకు అక్క. లెక్కల పంతులమ్మగా బతకలేక ఈ పనిలోకి వచ్చిన మనిషి. పదిహేడేళ్ళ తర్వాత శిష్యుడు లీడ్ అయ్యాడు, గురువు అతని కింద పనిచేసింది. అందులో ఆమెకు చిన్నతనమేమీ కనిపించలేదు.

మాది బస్సు టికెట్ల సాఫ్ట్‌వేర్. ఛార్జీలు లెక్కగట్టే భాగం ఎజె ఒక్కదానికే తెలుసు. తాలాయ్‌కి అది నచ్చేది కాదు. ఏ పనీ ఒక్కరి బుర్రలోనే ఉండకూడదు, రాసిపెట్టాలి, ఇంకొకరికి నేర్పాలి అనేవాడు. మంచి లీడ్‌లందరూ అనే మాటే.

“అంతా రాసిచ్చేస్తే ఇంక నాతో పనేముందిరా?” అందామె ఓ మధ్యాహ్నం టీ తాగుతూ.

“సెలవు దొరుకుద్ది ఎజె. కూతురి పెళ్ళిలో కూడా ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పెళ్ళికొడుకు మిమ్మల్ని లెక్కలు చూసే గుమాస్తా అనుకున్నాడు.”

“వాడికి ఇప్పటికీ అనుమానమే.”

ఆ కూతురు ఓష్ పట్నంలో ఏడోనెల చూలాలు. ఎజె రెండు నెలలు కూర్చుని నూట నలభై పేజీలు రాసింది. ఎక్కడ తప్పు జరగొచ్చో, ఎందుకు జరుగుతుందో, పిల్లలకు చెప్పినట్టు విడమరిచింది. తర్వాత మూడు వారాల సెలవు పెట్టి పురిటికి వెళ్ళింది.

ఆ మూడు వారాల్లో ఛార్జీలు రెండుసార్లు మారాయి. ఆమె పేజీలు చూసుకుంటూ నేనే మార్చాను. ఆమెకు ఒక్క ఫోనూ చేయలేదు. తాలాయ్ పొంగిపోయి ఆ సంగతి నెలవారీ నివేదికలో రాశాడు.

యజమానులు అతన్ని పిలిచారు. జట్టులో ఒకరిని తగ్గించాలి, ఎవరినో నువ్వే రాసిచ్చావుగా అన్నారు. వాదించాడు. బదులుగా నన్ను తీసేయండన్నాడు. లీడ్ లేకుండా జట్టు నడవదన్నారు. మూడో రోజు ఎజెను తీసేసే కాగితం మీద సంతకం చేశాడు.

మేమెవరమూ అడ్డుపడలేదు. ఒక్క పూట పని ఆపి కూర్చుంటే ఏమయ్యేదో, కూర్చుంటే కదా తెలిసేది. సంఘం, సమ్మె అనేవి ఫ్యాక్టరీవాళ్ళ గొడవలనీ, మెడలో కార్డులేసుకున్న మనకెందుకనీ అనుకున్నాం. తన విద్యను దాచుకోకుండా పంచినందుకే మనిషిని వీధిలోకి నెట్టారు. ఆ పేజీలతో పనిచేసి చూపించింది నేను. ఇంతమాత్రం ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఎజె సంచినిండా నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలతో, ఫోనునిండా మనవడి ఫోటోలతో తిరిగొచ్చింది. తాలాయ్ ఆమెను గదిలోకి పిలిచి చెప్పాడు. తలుపు వేయలేదు.

“సంతకం నీదేనా?”

“నాదే ఎజె.”

ఆమె సంచి బల్లమీద పెట్టింది.

“సిఫారసు ఉత్తరం ఒకటి రాసివ్వు. ఈ వయసులో ఉత్తచేతుల్తో వెళ్తే గుమ్మంలోనే ఆపేస్తారు.”

అప్పటికప్పుడే టైపు చేసి ప్రింటు తెచ్చాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని జవాబుపత్రం దిద్దినట్టు చదివింది. ‘ఈమె లేకపోతే మా పని ఆగిపోయేది’ అన్న చోట కలం తీసుకుని గీత కొట్టేసింది.

“అబద్ధమెందుకురా. ఆగలేదుగా.”

తాలాయ్ ఆ వాక్యం తీసేసి మళ్ళీ ప్రింటు తెచ్చాడు. కలం కాగితానికి ఆనించి ఆగిపోయాడు; ఆమెను తీసేసిన కాగితం మీదా ఇదే సంతకం. ఆమె ఉత్తరం కోసం నిలబడే ఉంది.