బాగానే

తెనాలి క్లినిక్‌లో జెస్సీని వెనకాల 'నే మేడం' అంటారు. ఎదిగే పిల్లల మనసు బాధలు వినడం ఆమె ఉద్యోగం. ఏ పిల్లయినా "బాగానే ఉన్నానండి" అందంటే ఇక వదిలిపెట్టదు. "బాగున్నావా, బాగానే ఉన్నావా? ఆ 'నే' ఎందుకొచ్చిందమ్మా?" అంటూ పక్కనే కూర్చుంటుంది. కొత్తగా చేరినవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. పాతవాళ్లు నవ్వరు.

ఏడేళ్ల కిందట బాపట్లలో ఒక ఆడపిల్లల హాస్టల్లో జెస్సీ సర్వే చేసింది. పరిశోధన కదా, ప్రశ్నలు పైనుంచి అచ్చయి వచ్చాయి. జవాబుకి రెండే గళ్లు: బాగుంది, బాగాలేదు. మనిషి మనసుకి రెండు గళ్లు చాలనుకున్న మహానుభావుడెవడో! ఒక్క మధ్యాహ్నంలో నలభైమంది పిల్లలు. పైగా జెస్సీకి తెనాలి బస్సు తొందర. ముప్పై ఏడో పిల్ల నాగజ్యోతి, ఈపురుపాలెం నేతపనివాళ్ల అమ్మాయి, ఇంటర్ మొదటి సంవత్సరం.

"ఎలా ఉంటున్నావమ్మా?"

"బాగానే ఉన్నానండి," అంది ఆ పిల్ల, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ.

జెస్సీ 'బాగుంది' గడిలో టిక్కు పెట్టి, తర్వాతి పిల్లని పిలిచింది.

పద్దెనిమిది రోజులకి నాగజ్యోతి ప్రాణం తీసుకుంది.

నెల తిరక్కముందే వాళ్లమ్మ చీరాలలో రైలెక్కి తెనాలి వచ్చింది. "నా బిడ్డతో ఒంటరిగా మాట్లాడారంటగదమ్మా. ఏం చెప్పిందో చెప్పండి. ఎంత చేదైనా ఇంటాను," అంది.

కాగితంలో ఉన్నదే చెప్పు, ఒక్క ముక్క ఎక్కువ వద్దని పైవాళ్లు జెస్సీకి ముందే చెప్పి ఉన్నారు. కాగితంలో ఉన్నది 'బాగుంది'. ఆ మాట అనేస్తే తన తప్పు బయటపడదు. జెస్సీకి ఆశ పుట్టింది కూడా. కానీ ఆ తల్లి మొహం చూశాక నోరు రాలేదు.

"బాగానే ఉన్నానంది అమ్మా. నేను బాగుంది అని రాసుకున్నాను. తప్పు నాదే," అని ఏడ్చేసింది.



"బాగానే అందా... అంతకుముందు ఆదివారం ఫోన్లో నాతోనూ అదే మాటంది. మగ్గం మీదున్నాను. బాగానే ఉంటే చాల్లే అని పెట్టేశాను తల్లీ."

తర్వాత తల్లి కళ్లు తుడుచుకుని, "ఆ కాగితం దిద్దమ్మా. నా బిడ్డ అబద్ధం చెప్పలేదు. మనిద్దరికీ చెప్పింది," అంది.

పూర్తయిన కాగితం ముట్టుకోకూడదని రూలు. అయినా జెస్సీ ఆ కాగితం బయటికి తీసి, టిక్కుని అడ్డంగా కొట్టేసి, గడి బయట ఖాళీలో 'బాగానే' అని రాసింది. తల్లికి చదువు రాదు. అందులో 'నే' ఏదో చూపించమని అడిగి, ఆ అక్షరం మీద వేలు పెట్టుకుని కూర్చుంది.