బూరుగ మేనా

పోయిన వారం మా తమ్ముడు నన్ను చూడటానికి షోలాపూర్ వచ్చి, గుమ్మంలో నిలబడే చెప్పాడు, వడ్ల తాత పోయాడని. ఆయన మా ఊరి వడ్రంగి, నాకు చుట్టమేమీ కాదు. అయినా ఆ పూట నేను పనికి పోలేదు.

మా ఊరు నారాయణఖేడ్‌కు దగ్గర. పేరు రాయను. అక్కడి దొర మేనా ఇంకా మా వాళ్ల భుజాల మీదే తిరుగుతోంది. నేనూ తొమ్మిదేళ్లు వెట్టికి మోసినవాణ్ణే.

పాత మేనా విరిగినప్పుడు దొర కొత్తది టేకుతో చెయ్యమన్నాడు. కట్టె వెతికి తెచ్చే పనీ తాతదే. మోసే దండె, కింద ఆనే నాలుగు కోళ్లు టేకువే పెట్టాడు. పలకలు, పైకప్పు, తలుపులు మాత్రం బూరుగ కట్టె. బూరుగ చెట్టు నాలుగు వానలకే ఇంటిని మించిపోతుంది. దాని పలక ఎంత పెద్దదైనా ఒంటి చేత్తో ఎత్తొచ్చు. కాకపోతే మేకును పట్టుకోదు, పురుగుకు మహా ఇష్టం. అలాంటి కట్టెను తాత వాగులో నానబెట్టి, నీడన ఆరబెట్టి, కాచు రంగూ లక్కా పూసి టేకని నమ్మించాడు.

"దొర బరువు తగ్గించుడు నాతోటి కాదు బిడ్డా. కట్టె బరువైతె నా చేతుల్ల ఉన్నది," అన్నాడు మాతో.

మొదటిరోజే కొంప ముంచాం. పాత బరువు అలవాటులో నలుగురం బలమంతా పెట్టి లేపేసరికి మేనా ఎగిరింది, దొర తల పైకప్పుకు ఠప్పున తగిలింది. మాకు దెబ్బలు పడ్డాయి. సాయంత్రం తాత వచ్చి తిట్టాడు.

"గట్లెట్ల లేపుతర్రా! మూలుగుండ్రి. చెమట రాకుంటె నీళ్లు చల్లుకోండ్రి."

అప్పటి నుంచి లేని బరువుకు మూలిగాం. నవ్వొచ్చేది, భయమూ వేసేది.

ఇక్కడ వెట్టి లేదు, వచ్చెయ్యి నాయినా అని షోలాపూర్‌లో ఉన్న తాత కూతురు ఏటా కబురు పంపేది. తాత రాలేకపోయాడు. వానలు వెళ్లగానే పురుగు తొలిచిన బొక్కల్ని మైనంతో పూడ్చి రంగు వెయ్యాలి. ఇంకొకడు ఉలి పెడితే గుట్టు బయటపడుతుంది, తాతతో పాటు మా ప్రాణాలకూ ముప్పే.

పారిపోయి వచ్చేముందు ఆయన్ని పిలిచాను. మేనా కింద పడుకుని మైనం అద్దుతున్నాడు.

"నాతోటి రా తాతా."

"నువ్వు జల్దీ పో. నేనొస్తె దీన్నెవడు సూస్తడు?"

ఆయన మొహమైనా చూడకుండా వచ్చేశాను. నా చోట తమ్ముడు దండె ఎత్తుకున్నాడు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

తాత పోయిన పదిరోజులకే మేనా తలుపు ఊడిందట. దొర కంగ్టి నుంచి వేరే వడ్రంగిని పిలిపించాడు. తమ్ముడూ మేనా మోసే తక్కిన ముగ్గురూ పక్కనే నిలబడ్డారట. ఆ వడ్రంగి తలుపు అంచుకు ఉలి పెట్టాడు. రంగు కింద నుంచి తెల్లటి బూరుగ పెచ్చు రాలింది. దాన్ని చూశాడు, తలెత్తి వీళ్ల భుజాలు చూశాడు.

"ఏందిరా, కట్టె చెడిందా?" అని అరుగు మీద నుంచి దొర అడిగాడు.

"లేదు దొరా, మంచి టేకు. గని వేరేటోళ్లను చెయ్యి పెట్టనియ్యకుండ్రి. ఏటేట నేనే వచ్చి సూసుకుంట."

అంటూ ఆ పెచ్చు మీద పాదం పెట్టి నిలబడ్డాడట.