గుజ్జయిన వాంగ్మూలాలు

నాకు కోపమెక్కువని ఇంట్లో అందరూ అంటారు. ఒప్పుకుంటాను. పోలీస్ యాక్షన్‌కు కొన్ని వారాల ముందు ఆ కోపంతోనే, ఆ తొందరతోనే పదకొండు మంది ప్రాణాల మీదికి తేబోయాను. నన్ను ఆపినవాడు నాన్న దగ్గర రాతపని చేసే ముసలి మున్షీ. మమ్మల్నందరినీ గట్టెక్కించింది మాత్రం మా అమ్మ.

నాన్న సికింద్రాబాదులో వకీలు. మా ఇంటి ముందు గదే ఆయన దఫ్తరు. ఆ ఏడాది కాప్రా అవతలి పల్లె నుంచి పదకొండు మంది వచ్చి, తమ ఇళ్ళు తగలబెట్టిన రజాకార్లెవరో చెప్పి, వాంగ్మూలాల మీద వేలిముద్రలు వేసి పోయారు. మున్షీ ఉర్దూలో రాశాడు, నేను తెలుగులో రాశాను. వాళ్ళలో ఒక కుమ్మరామె పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుంది.

"మా పేర్లు బయటికి పోవు గద బిడ్డా?"

పోవని మాటిచ్చాను. మాటిచ్చింది నేను, నాన్న కాదు.

తర్వాత నాన్న పనిమీద బెజవాడ వెళ్ళి, దారులు మూసుకుపోయి అక్కడే చిక్కుబడ్డారు. ఒకరోజు పొద్దున్నే మున్షీ పోలీసు కచేరీ నుంచి కబురు తెచ్చాడు. రేపు మా ఇంట్లో సోదా. కాగితాలు ఎక్కడికైనా దాటిద్దామంటే, గల్లీ మొదట్లో ఒకడు బీడీ తాగుతూ కూర్చుని మా గుమ్మం దాటే ప్రతి సంచీనీ చూస్తున్నాడు. నేను ఇంకేమీ ఆలోచించలేదు. కట్ట మొత్తం తెచ్చి నీళ్ళపొయ్యిలో దూర్చాను.

మున్షీ ఉత్త చేత్తో దాన్ని బయటికి లాగాడు.

"ఆగు బిడ్డా. నేను రాసిన ప్రతి కాగితం మీద బిస్మిల్లా ఉన్నది. నిప్పుల ఎట్ల వెడ్తవు?"

"పేర్లు దొరికితే పదకొండు మంది పోతరు చాచా. ఇప్పుడా నీ పట్టింపు?"

"దొరకొద్దనే చెప్తున్న. దేవుని పేరున్న పాత కాగితాన్ని మేం నీళ్ళల్ల వేస్తం. నీ నిప్పు ఏం జేసిందో జెర చూడు."

చూశాను. కట్ట అంచులే నల్లబడ్డాయి. మధ్యలో కుమ్మరామె పేరు, ఆమె ఊరు, నా గుండ్రటి దస్తూరీలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. నా మీద నాకే ఒళ్ళు మండింది.

గంగాళంలో వేడినీళ్ళు పోసి కాగితాలు నానబెట్టాం. మున్షీ కలంతో రాసిన మసి సిరా చూస్తుండగానే కరిగిపోయింది. ఆ నల్లనీళ్ళు ఎవరి కాలూ పడకుండా మల్లె పాదులో పోసి వచ్చాడాయన. అంగట్లో కొన్న నా సిరా మాత్రం కరగలేదు, వేలిముద్రలూ కరగలేదు. మధ్యాహ్నమవుతోంది. నేను మున్షీ మీద మళ్ళీ నోరు పారేసుకున్నాను. ఆయన కట్టెతో కాగితాలు కలియబెడుతూనే ఉన్నాడు.

వేడినీళ్ళన్నీ ఏమయ్యాయని అడగడానికి వచ్చిన అమ్మ సంగతంతా విన్నది. లోపలికి వెళ్ళి నానబోసిన మెంతుల గిన్నెతో తిరిగొచ్చింది.

"నానిన కాగితం దంచకుంటె ఎట్ల? రోట్లె వెయ్యి. రెండు చాటలు చిల్లులు వడి ఉన్నయి, గింత గుజ్జు ఊకె పారవోస్తమా?"

పాత కాగితాలు మెంతులతో దంచి చాటలకు మెత్తడం, బోర్లించిన కుండల మీద పూసి గిన్నెలు చేయడం మా ఇళ్ళలో ఉన్నదే. బడికి పోయి రాతకోతలు నేర్చిన నాకు అది తట్టనేలేదు. సాయంత్రం దాకా దంచాను. అరచేతులు బొబ్బలెక్కాయి. మున్షీ పిడికెడు పిడికెడు తీసి చూసి, గోరంత ముక్క మీద ఒక్క అక్షరం కనబడినా మళ్ళీ రోట్లో వేశాడు.

మర్నాడు పోలీసు అమీన్ నలుగురు జవాన్లతో వచ్చాడు. బీరువాలు తిరగేశారు, పరుపులు విప్పారు, చివరికి వరండాలోకి వచ్చారు. అక్కడ రెండు చాటలు, ఐదు బోర్లించిన కుండలు, మోచేతుల దాకా గుజ్జుతో అమ్మ.

"ఏందిది?"

"కాగితం గుజ్జు," అంది అమ్మ, తలెత్తకుండానే.

మున్షీ కళ్ళు మూసుకున్నాడు. అమీన్ వంగి చిటికెడు గుజ్జు తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాడు.

"మెంతులు తక్కువైనయమ్మా. పురుగు వడ్తది. మా ఇంట్ల జెర ఎక్కువేస్తరు."

"గట్లనే వేస్తం సాబ్."

వెళ్ళిపోయారు. వాళ్ళు గల్లీ మలుపు తిరగ్గానే అమ్మను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాను. దింపమని తిట్టింది, తిడుతూనే నవ్వింది. మున్షీ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నేను చాలా పరీక్షలు ప్యాసయ్యాను గానీ ఆ రోజంత సంతోషం మళ్ళీ ఎరగను.

కొన్ని వారాలకు యూనియన్ సైన్యం వచ్చింది. బొల్లారం వైపు పోయే లారీలను చూడటానికి ఊరంతా రోడ్డు మీదే ఉంది. నాన్నా వచ్చారు. వస్తూనే కాగితాలడిగితే గర్వంగా ఒక గిన్నె తెచ్చి ముందు పెట్టాను. సంగతి విని పకపకా నవ్వారు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

"మంచి పని జేసిన్రు. గని కేసుకు ఇంక రుజువేది?"

ఆ మాట నాకు తగిలింది. వాళ్ళ పేర్లు కాపాడాను, వాళ్ళ గోడు చెరిపేశాను. ఒకసారి ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారా? మున్షీ తానే ఆ పల్లెకు వెళ్ళి కబురు చెప్పాడు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మూడోనాడు పొద్దున పదకొండు మందీ వచ్చారు. ముందు కుమ్మరామె. నేను తల వంచుకుని చెప్పాను.

"మీ కాగితాలన్ని దంచేసిన. మల్ల చెప్తరా?"

"చెప్పనీకే వచ్చినం," అంటూ ఆమె కూర్చుని కొంగు సర్దుకుంది. తన పేరు, ఊరు పేరు, ఇల్లు కాల్చినవాళ్ళ పేర్లు వీధిలోకి వినబడేటట్టు చెప్పింది. తర్వాత నా కాగితంలోకి వంగి చూసింది.

"నా పేరు ఏడున్నది?"

వేలు పెట్టి చూపించాను.

"గింత చిన్నగనా? పెద్దగ రాయి."

ఆ కాగితం పక్కన పెట్టి, కొత్తది తీసుకుని, పెద్దగా రాశాను.