అడగని పది నిమిషాలు

మా జవాన్ల కంపెనీ ఎల్.బి.నగర్ చేరేసరికి ఉదయం అయిదున్నర. మూడు బస్సులు, రెండు లారీలు, నూట పది మందిమి. హయత్‌నగర్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో మకాం. పెళ్ళి వేదిక మీద ఆయుధాల పెట్టెలు పేర్చాం, భోజనాల హాల్లో పరుపులు పరిచాం. బయట సన్నటి వాన. తెలంగాణ ఉద్యమం రోడ్ల మీదికి వచ్చిన రోజులవి. మా కేంద్ర బలగానికి అప్పజెప్పిన పని ఒక్కటే, విజయవాడ రోడ్డు మూసుకుపోకుండా చూడటం.

హాల్ ముందు వరుసలో నిలబెట్టి కంపెనీ కమాండర్ హిందీలో అన్నాడు.

"ఈ చుట్టుపక్కల ఇల్లు ఉన్నవాళ్ళు ఒక అడుగు ముందుకు రండి."

ముందుకు వచ్చినవాణ్ణి ఆ రోజే వేరే చోటికి మార్చేస్తారు. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ వెనక గల్లీలో ఉంది. పదకొండు నెలలుగా ఇంటి ముఖం చూడలేదు. ఇంత దగ్గరికి వచ్చి మళ్ళీ ఎక్కడికో పోవడానికి మనసొప్పక ఉన్నచోటే నిలబడ్డాను. తెలుగు వచ్చినవాడెవడని అడిగినప్పుడు మాత్రం చెయ్యి ఎత్తాను. మాది నల్గొండ జిల్లా అన్నాను. పుట్టిన ఊరు అక్కడే కాబట్టి అది అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. హెచ్చరికలు చదివే మైకు నా చేతికొచ్చింది.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే మా నాయినే ఎత్తాడు. పదిహేడేళ్ళు మిలటరీలో చేసి హవల్దారుగా దిగిన మనిషి. నా బలగాన్ని ఆయన మిలటరీగా లెక్కపెట్టేవాడు కాదు, "మీ పోలీసోళ్ళు" అని ఏడిపించేవాడు. ఆయనకు లోకంలో డ్యూటీ తర్వాత నర్సింహస్వామి, నర్సింహస్వామి తర్వాత డ్యూటీ. మేమంతా ఆ తర్వాతే. శనివారం ఒక్కపొద్దు. స్వామికి నైవేద్యం పెట్టనిదే తాను మెతుకు ముట్టడు, మమ్మల్ని ముట్టనివ్వడు. చిన్నప్పుడు ఆకలికి తాళలేక గడియారం చూస్తూ కూర్చునేవాణ్ణి. పూజకు సరిగ్గా పదిహేను నిమిషాలు. ఒక నిమిషం తగ్గేది కాదు, పెరిగేది కాదు.

"దగ్గర్నే ఉన్న నాయినా," అన్నాను.

"ఉంటే ఉన్నవ్. డ్యూటీ ఒడిసేదాక ఇంటిదిక్కు రాకు. అమ్మకు నేను చెప్త."

"నువ్వు గీ గడబిడల బయట తిరగకు."

"నా సంగతి నాకు ఎరుకే. నువ్వు వానల నానకు, జెరమొస్తది."

ఉద్యమంలో తిరుగుతున్నానని ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

అయిదో రోజు శనివారం. ఎల్.బి.నగర్ చౌరస్తాలో వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే కూర్చుని తినడం ఆ ఉద్యమంలో ఒక పద్ధతి. పన్నెండు గంటలకల్లా తిని లేచిపోతామని వాళ్ళు స్థానిక పోలీసులకు మాటిచ్చారు. మేం పదింటికి నిలబడ్డాం. రెండు వరుసలు, నలభై మంది. హెల్మెట్, ఛాతీ కవచం, షీల్డు, లాఠీ. వాన వెలిసి ఎండ కాస్తోంది. తారు మీంచి ఆవిరి లేస్తోంది. నా ఎడమ పక్కన ఎప్పటిలాగే బిహార్ జవాను.

"ఊరంతా వంటింట్లో ఉన్నట్టుంది. నాకూ ఆకలేస్తోంది," అన్నాడు వాడు హిందీలో.

పదిన్నరకు చూశాను. మూడో పొయ్యి దగ్గర మా నాయిన. కోటుకు రెండు మెడల్స్, నుదుట నామం, చేతిలో తెడ్డు. మొదటి హెచ్చరిక చదవమన్నారు. మైకులో నా గొంతు వినగానే ఆయన చేతిలో తెడ్డు ఆగింది. తల మాత్రం తిప్పలేదు. కాసేపటికి మళ్ళీ కలపసాగాడు.

పదకొండూ యాభైకి అన్నం దిగింది. జనం విస్తర్లు పరుచుకున్నారు. నాయిన అన్నం డేగిసాకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగుండ్రి. ఇయ్యాల శనివారం. స్వామికి పెట్టకుండ ఎట్ల తింటరు?"

"టైమైతుంది హవల్దార్ సాబ్!" ఎవరో అరిచారు.

"కానియ్యి. దేవుని కాడ తొందరేంది?"

ఒక ఆకులో అన్నం పెట్టి, బెల్లం ముక్క పెట్టి, కర్పూరం వెలిగించి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు పదకొండూ యాభై అయిదు. ఆకలితో ఉన్న అంతమందీ చేతులు జోడించి నిలబడ్డారు.

పన్నెండయింది. వైర్‌లెస్ ఆపరేటర్ వచ్చాడు.

"సర్, కంట్రోల్ అడుగుతోంది. రోడ్డు ఖాళీ అయిందా అని."

కమాండర్ నా వైపు తిరిగాడు. "ఆ ముసలాయన ఏం చేస్తున్నాడు?"

"పూజ, సర్."

"ఇంకా ఎంతసేపు?"

పది నిమిషాలు. అంత ఖచ్చితంగా ఆ రోడ్డు మీద ఇంకెవరికీ తెలియదు. కమాండర్ చెడ్డవాడు కాదు, చెబితే ఆగేవాడే. కాని నీకెలా తెలుసని అడుగుతాడు. ఇల్లు బయటపడుతుంది, నేను దాచిన సంగతి బయటపడుతుంది.

"తెలియదు సర్," అన్నాను.

చివరి హెచ్చరిక నా నోటితోనే చదివాను. పూజ మధ్యలో ఎవరూ కదలలేదు. లైన్ ముందుకు కదిలింది. జనం వెనక్కి తోసుకున్నారు, తోపులాట మొదలైంది. బిహార్ జవాను కాలు డేగిసాకు తగిలింది. కావాలని తన్నలేదు, నేను పక్కనే ఉన్నాను. అన్నం మొత్తం రోడ్డు మీద పడింది. పొగలు కక్కే అన్నం నాయిన కుడి పాదాన్ని కప్పేసింది. విజిల్ వినపడింది. లైన్ ఆగింది. మళ్ళీ విజిల్ పడేదాకా ఒక్క కాలు కదలకూడదు. నాయిన భుజం మీది తువ్వాల రోడ్డు మీద పరిచి, పడ్డ అన్నం ఎత్తడం మొదలుపెట్టాడు. కాసేపటికి స్థానిక పోలీసులు ఆయన్ను వ్యాన్ ఎక్కించారు.

ఇరవై రోజులకు మా డ్యూటీ ముగిసింది. బయటికి వెళ్ళడానికి నాలుగు గంటల అనుమతి దొరికింది. ఇంటి గేటు దగ్గర, పై వాటాలో కిరాయికి ఉండే గుంటూరు లెక్చరర్ గారు ఎదురొచ్చారు.

"ఆ రోజు స్టేషన్ నుంచి వదిలాక కూడా మీ నాన్నగారు ఆస్పత్రికి రానంటే రానన్నారండీ. నేనే బలవంతాన స్కూటర్ మీద తీసుకెళ్ళాను. ఎవరి వల్ల జరిగిందంటే మాత్రం చెప్పరు."

నాయిన కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి చెప్పేశాను.

"పది నిమిషాలు ఆగమంటే మా సాబ్ ఆగుతుండె నాయినా. నేను అడగలే. ఇల్లు ఈడనే అని దాచిపెట్టిన. దొరికిపోతనని భయపడ్డ."

ఆయన స్టూలు మీది కాలు సర్దుకున్నాడు.

"లైన్ల నిలబడ్డదానికి నిన్నేమన. నేనున్నా గట్లనే నిలబడుతుంటి. గని అడగాల్సుండె బిడ్డా. నా కోసం గాదు. అన్నం మట్టిపాలయింది."

అంతే. నాలుగు తగిలించి ఉంటే నా ప్రాణం తేలికపడేది. అమ్మ అన్నం వడ్డించింది. నేను తిన్నాను, ఆయన నన్నే చూస్తూ కూర్చున్నాడు.

రాష్ట్రం వచ్చింది. వచ్చిన రెండేళ్ళకు నాయిన పోయాడు. నేను ఉద్యోగం వదిలి ఆ ఇంట్లోనే ఉంటున్నాను. ఎల్.బి.నగర్ చౌరస్తా మీద ఇప్పుడు మెట్రో వచ్చింది, ఫ్లైఓవర్లు వచ్చాయి. ఆ పొయ్యిలు ఎక్కడ పెట్టారో చూపించమంటే నేనూ సరిగ్గా చూపించలేను.

ఒక సంగతి అమ్మకు కూడా చెప్పలేదు. ఆ రోజు అన్నం ఎత్తుతూ ఎత్తుతూ నాయిన మోకాళ్ళ మీద నా ముందుకు వచ్చాడు. పాదం అప్పటికే బొబ్బలెక్కింది. నా బూటు కింద అన్నం ఉంది. నా వెనక రెండడుగుల్లో కమాండర్ ఉన్నాడు. నాయిన తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు. నన్ను ఎరగనట్టే అన్నాడు.

"సార్, జర కాలు లేపుండ్రి."

నేను లేపలేదు. ఆయన ఒక్క క్షణం ఆగి, నా బూటు చుట్టూ ఉన్న మెతుకులు ఏరుకుని, పక్కకు జరిగాడు. బిహార్ జవానునూ అదే అడిగాడు. వాడికి తెలుగు ముక్క రాదు. వాడు లేపాడు.