ఎలుగుబంటి వచ్చిందంటే టాబ్లెట్ అడిగారు

ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగా, ఖమ్మంలో హాస్టల్ మెస్‌లో భోజనానికి కూర్చున్న ఒక మధ్యాహ్నం నాకేదో తేడాగా అనిపించింది. వంటగదిలోంచి ఎవరో నా పేరు పెట్టి తిడుతున్నారు. పక్కవాణ్ణి అడిగితే, ఆ వంటమనిషి ఎవరినీ వదలడన్నాడు. సరేలే అని ఇంకో వారం ఊరుకున్నాను.

తర్వాత ఆ తిట్లు వంటగది దాటి బాత్రూమ్ దాకా వచ్చాయి. తిండీ నిద్రా మానేశాను. నాన్న వచ్చి టేకులపల్లి దగ్గర మా ఊరికి తీసుకుపోయాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. అందులో మైకు పెట్టారని నేను దాన్ని పొయ్యిలో పడేశాను. అప్పుడు గానీ ఖమ్మం దవాఖానాకు తీసుకుపోలేదు. బ్లడ్ టెస్టులయ్యాయి, తలకు స్కాన్ తీశారు. స్కాన్ నార్మల్ అనగానే అమ్మ సంబరపడింది. డాక్టరుగారు మాత్రం, "ఇది సైకోసిస్ అమ్మా. లేనివి ఉన్నట్టు వినిపిస్తాయి, కనిపిస్తాయి. మందులు చాలాకాలం వాడాలి. మధ్యలో ఆపొద్దు" అన్నారు.

నేను ఆపాను. తగ్గిపోయిందిగా అనుకున్నాను. రెండు నెలలకే జబ్బు తిరగబెట్టింది, దవాఖానాలో అడ్మిషన్. కొత్త మందుకు ఒళ్లు పెరిగింది. చదువు ఆగిపోయింది. చాలా ఏడ్చాను.

ఇప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. జామాయిల్ నర్సరీలో పని చేస్తున్నాను. ఆ గొంతులు వినిపించి ఏళ్లయింది. అయినా ఇంట్లో నా మాట చెల్లేది కాదు. గట్టిగా నవ్వితే, "టాబ్లెట్ ఏసుకున్నవా?" కూరలో ఉప్పెక్కువైందన్నా అదే ప్రశ్న. జబ్బుకన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఈ వేసవిలో వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోశాం. ఒకరోజు పొద్దున్నే తలుపు తీస్తే, ఎలుగుబంటి తీరిగ్గా కూర్చుని దాన్ని తింటోంది. ముందు నన్ను నేనే అనుమానించాను. కళ్లు నులుముకుని చూసినా అది పోలేదు. మెల్లగా తలుపు దగ్గరికి వేశాను.

"అమ్మా, వాకిట్ల ఎలుగుబంటి ఉన్నది."

"అవ్ బిడ్డా, ఉంటది" అంది అమ్మ ఎంతో ప్రేమగా. "రాత్రి టాబ్లెట్ మరిచినవా?"

"ఏసుకున్ననే! ఇప్పపువ్వు తింటాంది."

"తిననియ్యి. నువ్వు గీ నీళ్లు తాగు."

గ్లాసు నా చేతికిచ్చి, నా భయం పోగొట్టడానికి తలుపు బార్లా తెరిచింది. ఎలుగుబంటి తలెత్తి ఆమెను చూసింది.

అమ్మ తలుపు మూసి, గడియ పెట్టి, నా వెనక నక్కింది.

"ఇప్పుడేం జేద్దాంరా?"

పదహారేళ్లలో ఇంట్లో నన్నెవరైనా ఆ మాట అడగడం అదే మొదటిసారి. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది పోయేదాకా తలుపు తియ్యొద్దని, ఫారెస్టువాళ్లకు నేను ఫోన్ చేస్తానని చెప్పాను. అమ్మ ఎదురు చెప్పకుండా విన్నది.

ఇంట్లో నాలాంటి వాళ్లున్నవారికి ఒక్క మాట. టాబ్లెట్ సంగతి తప్పకుండా అడగండి. కానీ ముందు వాళ్లు చూపించిన వైపు ఒకసారి చూడండి. కిటికీలోంచి చూస్తే మంచిది.